రోజుకో మూర దారం

0వ రోజు, ఆషాఢం మొదలు

“మీరు బట్టలు కుడతారా అమ్మా?” అని అడిగింది డాక్టరమ్మ. నేను కుర్చీలో కూర్చుని నోరు తెరిచి నిమిషం కాలేదు, నా పని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చేతికి అద్దం ఇచ్చి పై వరసలో ముందు పన్ను చూపించింది. అంచున చిన్న గాటు, సూది ఆనేంత. 19 ఏళ్లుగా దారం కొరికిన చోటు అది. కత్తెర పక్కనే ఉన్నా చెయ్యి ఖాళీ లేక పంటితో తెంపడం అలవాటైపోయింది. టైలర్ల పళ్లలో ఈ గాటు తరచూ కనిపిస్తుందట.

నేను వెళ్లింది దానికోసం కాదు. మూడు నెలలుగా పొద్దున బ్రష్ చేసి ఉమ్మితే ఎర్రగా పడుతోంది. గట్టిగా రుద్దుతున్నానేమో అని మెత్తటి బ్రష్ కొన్నాను, తగ్గలేదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, షాపులో పని పలచబడుతుంది. అందుకే ఇప్పుడు కుదిరింది, మా విశాఖలోనే అక్కయ్యపాలెం నుంచి ద్వారకానగర్ వెళ్లి చూపించుకున్నాను.

గీతలున్న సన్నటి కడ్డీతో ప్రతి పంటి చుట్టూ కొలిచింది. పన్నుకూ చిగురుకూ మధ్య లోతు 3 మిల్లీమీటర్ల లోపుంటే మంచిదట. కింద ఎడమ దవడలో ఒకచోట 5 వచ్చింది. కడ్డీ తగిలిన చోటల్లా రక్తం చిమ్మింది.

“బ్రష్ మీరు బాగానే చేస్తున్నారు. దవడ పంటికి ఐదు ముఖాలమ్మా. బయటివైపు, లోపలివైపు, నమిలేవైపు. ఈ మూడింటికే బ్రష్ అందుతుంది. పక్క పంటిని ఆనుకున్న రెండు ముఖాలకూ దారమే దిక్కు” అంది. గార తీసి, మూడు నెలల తర్వాత రమ్మని, ఈలోగా రోజూ ఫ్లాస్ చెయ్యమని, అంటే పళ్ల సందులు దారంతో తుడవమని పంపింది.

రోజంతా దారంతో బతికేదాన్ని. ఈ ఒక్క చోట దారం వాడొచ్చని నాకెవరూ చెప్పలేదు. సందులో ఏదైనా ఇరుక్కుంటే పిన్నీసు, అగరొత్తి పుల్ల, చీపురుపుల్ల, ఇవే మా ఇంట్లో తెలిసినవి.

కొలతల పుస్తకంలో చివరి పేజీలు దీనికి కేటాయించాను. నాకు జ్ఞానదంతాలు లేవు. 28 పళ్లు, పైన 13 సందులు, కింద 13. మొత్తం 26 గళ్లు గీశాను. దారం పెట్టినప్పుడు రక్తం వస్తే ఆ గడిలో ఎర్ర చుక్క. రోజూ చేయడం, వారానికి ఒకసారి లెక్క రాయడం. ఇదీ పని.

1వ రోజు

మెడికల్ షాపులో అడిగితే కౌంటర్ అబ్బాయి వెనక అరలో వెతికి రెండు రకాలు తీశాడు. ఒకటి మైనం పూసిన నైలాన్ దారం, 50 మీటర్ల డబ్బా. రెండోది చిన్న ప్లాస్టిక్ విల్లుకు అంగుళం దారం బిగించిన పిక్‌ల ప్యాకెట్. రెండూ తెచ్చాను. మైనం లేని రకం, టేపులా ఉండే రకం ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను.

ఒకసారికి 45 సెంటీమీటర్లు తీయాలి, అంటే 18 అంగుళాలు. దీనికి టేపు అక్కర్లేదు, అది మూర. పూలమ్మి మల్లెదండ కొలిచినట్టు మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా. 50 మీటర్ల డబ్బా 111 రోజులు వస్తుంది. డబ్బా నూటయాభై లోపే. రోజుకు రూపాయిన్నర కూడా పడదు.

మూర దారంలో ఎక్కువ భాగం ఒక చేతి నడిమి వేలికి చుట్టాలి, కొస రెండో చేతి నడిమి వేలికి. మధ్యలో అంగుళం, అంగుళంన్నర మాత్రమే బొటనవేళ్లు, చూపుడువేళ్లతో బిగించి పట్టుకోవాలి. సందు మారినప్పుడల్లా ఒక వేలి నుంచి విప్పి, వాడేసిన భాగాన్ని రెండో వేలికి చుట్టుకోవాలి. మిషన్ మీద రీలు నుంచి బాబిన్‌కి దారం ఎక్కినట్టే. ఒక సందులో పాచి ఇంకో సందులోకి మోయకుండా ప్రతిసారీ శుభ్రమైన ముక్క.

14 నిమిషాలు పట్టింది. 26 సందుల్లో 17 చోట్ల రక్తం. వాష్‌బేసిన్ చూస్తే భయం వేసింది. నడిమి వేళ్ల కొసలు నీలంగా తిరిగాయి.

3వ రోజు

పై కుడి కోరపన్ను పక్కన కోసుకుంది. సందు బిగుతుగా ఉంది, దారం దిగడం లేదని గట్టిగా నొక్కాను. టక్కున దిగి నేరుగా చిగురు మీద పడింది. రాత్రి అన్నంలో ఆవకాయ తగిలితే కళ్లనీళ్లు వచ్చాయి.

నొక్కకూడదు. ముందుకూ వెనక్కూ సన్నగా ఆడిస్తూ, రంపం మెల్లగా లాగినట్టు, బిగుతు చోటు దాటించాలి. దాటాక ఆగాలి. అక్కడి నుంచి దారాన్ని ఒక పంటికి ఆనించి, చేతులు రెండూ ఒకే వైపు వంచి, పంటిని సగం చుట్టాలి. మెడపట్టీకి పైపింగ్ చుట్టు తిప్పినట్టు. అలా చుట్టి పట్టుకుని చిగురు కిందకు మెల్లగా జార్చి, ఆగిన దగ్గర ఆపి, పైకీ కిందకీ నాలుగైదు సార్లు. తర్వాత అదే సందులో రెండో పంటికి. ఒక సందు అంటే రెండు గోడలు. మొదటి రెండు రోజులూ నేను సందు మధ్యలో దింపి తీశాను, గోడలు ముట్టుకోనే లేదు.

చివరి దవడ పంటి వెనక గోడ కూడా ఉంది. దాని పక్కన పన్ను లేదు కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు. నాలుగు మూలలా నాలుగు గోడలు. ఇవాళ్టి నుంచి అవి కూడా.

4వ రోజు

ఆర్డర్ పెట్టినవి వచ్చాయి. షాపులో పెద్దగా గిరాకీ లేదు. మిషన్ లైటు కింద తెల్ల కాగితం పరిచి, మూడు రకాల ఫ్లాసూ, పక్కన నా పాలిస్టర్ కుట్టుదారం వరసగా పెట్టి చూశాను. గంటసేపు అదే పని.

కుట్టుదారానికి పురి గట్టిగా ఉంటుంది. ఎంత లాగినా గుండ్రంగానే ఉంటుంది, అది బట్టలో బిగిసి నిలవడానికి చేసింది. గోరు మీద లాగితే తీగలా ఒకే గీత పెడుతుంది. అదే చిగురు మీద పడితే కోస్తుంది. అర్జెంటుగా దొరికింది కదా అని కుట్టుదారం పళ్లలో పెట్టకూడదని నా కళ్లతో చూసి తెలుసుకున్నాను.

మైనం లేని నైలాన్ ఫ్లాస్‌కు పురి దాదాపు లేదు. సూది కొనతో విడదీస్తే లెక్కపెట్టలేనన్ని సన్నటి పోగులు. గోరు మీద లాగితే ఆ పోగులన్నీ పరుచుకుని వెడల్పు అయ్యాయి. పంటి గోడ మీద కూడా ఇలాగే పరుచుకుని పాచిని ఊడ్చుకొస్తుందన్నమాట. దారం చేసే పని దూరడం కాదు, తుడవడం. ఇది చూశాకే నాకు పని అర్థమైంది.

మైనం పూసినదాంట్లో అవే పోగులు, కానీ ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. జారుతుంది, బిగుతు సందులో తెగదు. చేతికుట్టు వేసేటప్పుడు మేం దారాన్ని మైనం ముక్క మీద ఒకసారి లాగుతాం, చిక్కుపడకుండా. అదే సూత్రం.

టేపు రకం అసలు దారమే కాదు. పోగులు లేవు, రిబ్బనులా ఒకటే బద్ద. దోసె పెనానికి పూసే నాన్‌స్టిక్ పదార్థం జాతిది. వేళ్ల మధ్య సబ్బులా జారిపోయింది. ఎంత ఇరుకు చోటైనా దూరుతుంది, చిరగదు. కానీ తుడిచిన ఆనవాలు దాని మీద అంతగా కనిపించడం లేదు, నాకది నచ్చలేదు.

పిక్‌లు రాత్రి వాడి చూశాను. తేలికే. కానీ దారం బిగించి ఉంటుంది కాబట్టి పంటి చుట్టూ వంగదు, అదే అంగుళం ముక్క 26 సందుల్లోనూ తిరగాలి. ఊరెళ్లినప్పుడు బ్యాగులో వేసుకోవచ్చు. వేళ్లు వణికేవాళ్లకు ఏదీ లేనిదానికంటే మేలు. రోజూ వాడటానికి నేను తీసుకోను.

నా మటుకు మైనం పూసిన నైలాన్.

7వ రోజు

లెక్క 12. కోసుకున్న చోటు మానింది. మొత్తం 9 నిమిషాలు.

రక్తం వస్తోంది కదా, ఆపేయక ఇంకా దారం పెడతావేంటి అని మా ఆయన అడిగారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. దారం వల్ల రక్తం రావడం లేదు, సందులో పాచి కూర్చుని చిగురు వాచి ఉంది కాబట్టి వస్తోంది. వాపు తగ్గాలంటే పాచి పోవాలి. రోజూ తీస్తే ఒకటి రెండు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే డాక్టరుకు చూపించాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లయితే ఆ మాట ముందే చెప్పాలి.

8వ రోజు

వేళ్లు నీలంగా మారే ఇబ్బందికి దారి దొరికింది. మూర దారం రెండు కొసలూ కలిపి ముడేసి కంకణంలా చేశాను. ఇక వేలికి చుట్టే పని లేదు, రింగును తిప్పుకుంటూ పోతే కొత్త ముక్క వస్తుంది. దవడ పళ్ల దగ్గర ఇదే సుఖం. మైనం దారం కదా, ఒక ముడి జారిపోతుంది, మూడు వేయాలి.

13, 14 రోజులు

సింహాచలం గిరి ప్రదక్షిణ. మధ్యాహ్నం తొలి పావంచా, అంటే కొండ మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం, నేనూ మా ఆడపడుచూ. 32 కిలోమీటర్లు. హనుమంతవాక, బీచ్ రోడ్డు మీదుగా తెల్లవారేదాకా నడక. దారి పొడవునా ఎవరో ఒకరు పులిహోర, మజ్జిగ, బిస్కట్లు చేతిలో పెడుతూనే ఉన్నారు. ఇంటికొచ్చి పడుకుంటే సాయంత్రానికి గానీ మెలకువ రాలేదు.

ఒక రాత్రి నాగా. మర్నాడు రాత్రి దారానికి వచ్చిన పాచి చూస్తే మామూలు రోజు కంటే ఎక్కువ, పసుపుపచ్చగా. పాచి మెత్తగా ఉన్నంతసేపే దారానికి లొంగుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో లాలాజలంలోని సున్నం పట్టి గార కట్టడం మొదలవుతుంది, ఇక దాన్ని డాక్టరే గీకాలి. వారానికోసారి గంటసేపు చేసినా లాభం లేనిది అందుకే.

లెక్క 6.

18వ రోజు

వాన. సాయంత్రం షాపు తొందరగా మూసి మా పాపతో ఆర్కే బీచ్‌కు వెళ్లాను. బొగ్గుల మీద కాల్చి, ఉప్పూ కారం నిమ్మచెక్క రాసిన మొక్కజొన్న కంకి చెరొకటి. రాత్రి ఫ్లాస్ చేస్తుంటే కింద కుడి వైపు చిగురు కింద నుంచి గింజ పొట్టు వచ్చింది, గాజు ముక్కలా పలచగా, వేలిగోరు వంపులో. ఉదయం దాకా ఉంటే అక్కడ చిగురు పొంగి ఉండేది. ఇదివరకు కంకి తిన్న మర్నాడు ఒక పక్క నొప్పి ఎందుకొచ్చేదో ఇన్నాళ్లకు తెలిసింది.

పాప ఫోన్‌లో వెతికి ఈ దారం సంగతులు చదివి వినిపించింది. 1819లో లీవై స్పియర్ పార్మ్‌లీ అనే న్యూ ఆర్లీన్స్ పళ్ల డాక్టరు తన పుస్తకంలో మైనం పట్టించిన పట్టుదారాన్ని పళ్ల సందుల్లో నడపమని రాశాడట. 1882లో ఒక అమెరికన్ కంపెనీ పట్టు ఫ్లాస్ తయారు చేసి అమ్మింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టు దొరకడం కష్టమైంది. అప్పుడు చార్లెస్ బాస్ అనే వైద్యుడు నైలాన్ మేలని చూపించాడు, తెగదు, పోగులు సమానంగా ఉంటాయని. పట్టు నుంచి నైలాన్. మా మగ్గం వర్క్ దారాల కథ కూడా అదే.

24వ రోజు

ఒక కస్టమరు కొడుకు, వైద్యం చదువుతున్న అబ్బాయి, అమ్మ జాకెట్లు తీసుకెళ్లడానికి వచ్చాడు. టేబుల్ మీద ఫ్లాస్ డబ్బా చూసి, “అక్కా, దీనివల్ల లాభం ఉందని గట్టి రుజువు లేదంటారు తెలుసా?” అన్నాడు. ఆ మాట నన్ను రెండు రోజులు పట్టుకుంది.

అతను అన్నది అబద్ధం కాదు. 2016లో అమెరికా ప్రభుత్వ ఆహార సూచనల్లో ఫ్లాస్ మాట తీసేశారు, అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ పాత పరిశోధనలు తిరగేసి రుజువు బలహీనంగా ఉందని రాసింది. ఆ తర్వాత 2019లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 35 పరీక్షలను కలిపి చూసింది. బ్రష్ ఒక్కటే చేసేవాళ్లకంటే ఫ్లాస్ కూడా చేసేవాళ్లకు చిగుళ్ల వాపు తగ్గే అవకాశం ఉందని, సందుల్లో పట్టే బుల్లి బ్రష్‌లు ఫ్లాస్ కంటే కూడా మెరుగు కావచ్చని తేల్చింది. కానీ రుజువు మీద గట్టి భరోసా లేదనీ, చాలా పరీక్షలు కొద్దికాలమే నడిచాయనీ, పిప్పిపళ్లు ఆపుతుందో లేదో వాటినిబట్టి చెప్పలేమనీ కూడా రాసింది.

నేను చదువుకున్నది ఇంటర్. అయినా నా బుద్ధికి తోచింది ఒకటుంది. ఫ్లాస్ ఇచ్చి వాడమంటే జనం నేను మొదటి రెండు రోజులూ చేసినట్టే చేస్తారు, మధ్యలో దింపి తీస్తారు. గోడ తుడవని దారం లెక్కలో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నా పుస్తకంలో 17 నుంచి 6కు వచ్చింది. ఇది ఒక్కరి నోరు, అందులో డాక్టరమ్మ గార తీసిన పుణ్యం కూడా కలిసి ఉంది. దీంతో లోకానికి నేను రుజువు చూపలేను. నాకు మాత్రం ఆపే కారణం కనిపించలేదు.

29వ రోజు

లెక్క 3. బ్రష్‌కు ముందే ఫ్లాస్ చేస్తున్నాను, తర్వాత కాదు. 2018లో వచ్చిన ఒక చిన్న పరిశోధనలో ముందు ఫ్లాస్, తర్వాత బ్రష్ చేసినవాళ్లకు సందుల్లో పాచి తక్కువ మిగిలిందట, పేస్టులోని ఫ్లోరైడ్ కూడా అక్కడ ఎక్కువ నిలిచిందట. ఊడ్చిన తర్వాతే కదా నేల తుడుస్తాం.

38వ రోజు, శ్రావణం

వరలక్ష్మీ వ్రతం దగ్గర పడింది. ఒక్కరోజులో 31 జాకెట్లు ఇవ్వాలి. ఫాల్స్, పీకో విడిగా. రాత్రి 11 దాటాక ఇంటికి. ఇంటికెళ్లాక వాష్‌బేసిన్ దగ్గర నిలబడే ఓపిక ఉండదని డబ్బా తెచ్చి షాపులో మిషన్ సొరుగులో పెట్టుకున్నాను. చివరి హుక్ కుట్టాక, షట్టర్ దించే ముందు, అద్దం ముందు నాలుగు నిమిషాలు. ఆ మార్పు చేయకపోతే ఈ నెలలో తప్పిపోయేదే.

దారం కొరకడం కూడా మానేశాను. మెడలో తాడుకు చిన్న కట్టర్ వేలాడుతోంది.

41వ రోజు

దీని గురించి వివరంగా రాయాలి.

కింద ఎడమ వైపు, చివరి రెండు దవడ పళ్ల మధ్య సందు. లోతు 5 వచ్చింది అక్కడే. మొదటి రోజు నుంచీ ఆ గడిలో ఎర్ర చుక్క పోలేదు. అక్కడ దారం ప్రతిసారీ పోగులు రేగి వస్తుంది. కొన్నిసార్లు సగం తెగి ముక్క లోపలే ఉండిపోతుంది, దాన్ని తీయడానికి ఇంకో దారం పెట్టాలి. పోయిన వారం నుంచి ఆ ఒక్క సందుకు టేపు రకం వాడాను. చిరగకుండా జారిపోయింది. సమస్య తీరిందనుకున్నాను.

ఇవాళ మిషన్ మీద ఒక పట్టు జాకెట్ కుడుతుంటే దారం పోగులు పోతోంది. పక్కన నేర్చుకుంటున్న అమ్మాయి రీలు మార్చింది. మళ్లీ అంతే. “దారం కాదమ్మా, సూది చూడు” అన్నాను. సూది తీసి మొనను గోటి మీద లాగితే గరుగ్గా తగిలింది. హుక్‌కు తగిలి కొన విరిగింది. సూది మార్చగానే కుట్టు సాఫీగా పడింది.

ఆ మాట అన్నాక నా చేతులు ఆగిపోయాయి. నా నోట్లో కూడా నేను రీలే మార్చాను. 25 సందుల్లో చక్కగా నడిచే దారం ఒక్కచోట పోగులు పోతుంటే తప్పు దారానిది కాదు. అక్కడ ఏదో గరుకు ఉంది. చిరగని టేపు వాడి ఆ గరుకును దాచేశాను.

రాత్రి మైనం లేని రకం తీసి కావాలనే అక్కడ పెట్టాను. దిగేటప్పుడు బాగానే దిగింది. వెనక పంటి గోడకు ఆనించి పైకి లాగేటప్పుడు తట్టుకుంది. ముందు పంటికి ఆనిస్తే తట్టుకోలేదు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే పన్ను, అదే ఎత్తు. బయటికి తీసి లైటు కింద చూస్తే పోగులు ఒక పక్కే రేగి ఉన్నాయి, వాసన కూడా బాగాలేదు. ఆ పంటికి ఆరేళ్ల కిందట వేరేచోట ఫిల్లింగ్ పెట్టించుకున్నాను.

46వ రోజు

వ్రతం ఆర్డర్లు అయిపోగానే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. చిరిగిన దారం ముక్క కాగితంలో చుట్టి తీసుకెళ్లి, ఏ పన్ను, ఏ గోడ, ఎక్కడ తట్టుకుంటోందో చెప్పాను. ఎక్స్‌రే తీసింది. ఫిల్లింగ్ అంచు పంటి కంటే బయటికి చిన్న అరుగులా పొడుచుకొచ్చి ఉంది, దాని కింద పాచి నిలవ. ఆ అరుగు ఉన్నంతకాలం బ్రష్, దారం ఏదీ కిందకు సరిగా పోదు. పాత ఫిల్లింగ్ తీసి కొత్తది పెట్టి అంచు నున్నగా చేసింది. చేశాక ఆవిడే ఫ్లాస్ దింపి చూపించింది. టక్కుమని ఒక చిన్న చప్పుడుతో దిగి, సాఫీగా పైకొచ్చింది. ఒక్క పోగు రేగలేదు.

ఇలా దారం ఒకేచోట చిరగడానికి పిప్పి పట్టిన అంచు కావచ్చు, గార ముక్క కావచ్చు, ఫిల్లింగ్ కావచ్చట. ఏదైనా చూపించుకోవలసిందే. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా ఒకచోట దారం పదేపదే తెగుతుంటే దయచేసి బ్రాండ్లు మార్చుకుంటూ కూర్చోకండి.

53వ రోజు

అత్తయ్య గారి వంతు. ఆవిడకు 71. పై ఎడమ వైపు మూడు పళ్ల బ్రిడ్జి ఉంది, మధ్యది కట్టుడు పన్ను, రెండు పక్కలా దానికి ఆసరా పళ్లు. మూడూ కలిసే ఉంటాయి కాబట్టి పైనుంచి దారం దిగదు. “ఏటమ్మా రోజూ ఆ దారం, నాకూ సూపించు” అని ఆవిడే అడిగారు.

బ్రిడ్జి కోసం వేరే ఫ్లాస్ వస్తుంది. ఒక కొస గట్టిగా పుల్లలా, మధ్యలో స్పాంజిలా ఉబ్బుగా, మిగతాది మామూలు దారం. గట్టి కొసను బ్రిడ్జి కింద పక్కనుంచి దూర్చి, అటువైపు నుంచి అందుకుని లాగి, స్పాంజి భాగంతో అడుగు తుడవాలి. సూదిలో దారం ఎక్కించడమే, కాకపోతే సూది నోట్లో ఉంది. మొదటిసారి నేనే చేశాను. తీసిన దారం వాసన చూసి అత్తయ్య గారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. “ఇన్నేళ్లు నోట్లోనే ఉందా ఇదంతా” అన్నారు చివరికి.

కింది పళ్ల దగ్గర చిగుళ్లు జారి సందులు వెడల్పయ్యాయి. వాటికి దారం చాలదు, గోడకు తగలకుండా వచ్చేస్తుంది. తీగకు కుచ్చుల్లా వెంట్రుకలున్న బుల్లి బ్రష్‌లు సైజులవారీగా రంగుల్లో దొరుకుతాయి. డాక్టరమ్మ ఒక్కో సందుకు పెట్టి చూసి రెండు సైజులు రాసింది. నెట్టకుండా దూరాలి, కానీ వదులుగా ఆడకూడదు. జాకెట్ చంకపట్టు లాగే.

అత్తయ్య గారు వయసులో అడ్డపొగ తాగేవారు, చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టి. మన ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లలో అది మామూలుగా ఉండేది, అంగిట్లో క్యాన్సర్‌కు దారితీస్తుందని డాక్టర్లు ఏనాడో చెప్పారు. ఆవిడ మానేసి 30 ఏళ్లు దాటింది. అయినా డాక్టరమ్మ అంగిలి అంతా లైటు వేసి చూసింది. ఏమీ లేదంది. వచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

60వ రోజు

లెక్క 2.

64వ రోజు

మా ఆయన స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు మనిషి. ఆయనకు షుగర్ ఉంది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్లు చెడితే షుగర్ అదుపు చేయడం కష్టమవుతుంది. రెండూ ఒకదానికొకటి ఆజ్యం పోస్తాయి. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు, వెంటపడ్డాను. ఏ, బి, సి షిఫ్టులు మారుతుంటే రాత్రి అనే మాటకు ఆయన దగ్గర అర్థం లేదు. అందుకని గడియారంతో పని లేకుండా “నిద్రకు ముందు” అని పెట్టుకున్నాం, అది పగలైనా సరే. ఆయన వేళ్లు లావు, రింగు పద్ధతి బాగా కుదిరింది. ఇవాళ్టికి తొమ్మిది రోజులు.

70వ రోజు

నాలుగు రోజులుగా వాన, గెడ్డలు (వాగులు) పొంగాయి. పొద్దున బీచ్‌కు వెళ్తే గెడ్డ సముద్రంలో కలిసేచోట ఒడ్డంతా ప్లాస్టిక్ చెత్త. వాటి మధ్య నైలాన్ వల ముక్కలు, నాచుతో అల్లుకుని. నా దారం కూడా నైలానే. ఇన్నాళ్లూ కొన్నిసార్లు వాష్‌బేసిన్‌లోకి, కొన్నిసార్లు ఫ్లష్‌లోకి వదిలేశాను. కాలవలో చేరితే ఇలాగే చుట్టుకుపోతుంది, కుళ్లదు. ఇక నుంచి పాత మాత్రల సీసాలో వేసి, నిండాక పొడి చెత్తలో ఇస్తున్నాను. పిక్‌ల ప్యాకెట్ మళ్లీ కొనలేదు.

92వ రోజు, దసరా నవరాత్రులు

మూడు నెలల చూపు. పుస్తకం చేతికిస్తే డాక్టరమ్మ పేజీలన్నీ తిప్పి చూసింది. కడ్డీతో మళ్లీ చుట్టూ కొలిచింది. 26 సందుల్లో ఒక్కచోట రక్తం. అదే కింద ఎడమ సందు. లోతు 5 నుంచి 4కు వచ్చింది. ఫిల్లింగ్ సరిచేసి ఆరేడు వారాలే అయింది కాబట్టి ఇంకా తగ్గే అవకాశం ఉందట. అక్కడికి మాత్రం దారంతో పాటు సన్నటి బుల్లి బ్రష్ కూడా వాడమని సైజు రాసిచ్చింది. మళ్లీ ఆరు నెలలకు కాదు, మూడు నెలలకే రమ్మంది.

ముందు పంటి గాటు అలాగే ఉంది, పెరగలేదు. దానికి పూత పెట్టవచ్చు కానీ తొందర లేదంది.

సాయంత్రం షాపుకొచ్చి పుస్తకంలో కొత్తగా 26 గళ్లు గీశాను. కింద మా ఆయనవి, అత్తయ్య గారివి కూడా. ఆవిడవి లెక్కపెడితే 18 సందులు, బ్రిడ్జి అడుగు ఒకటి. డబ్బాలో దారం ఇంకో రెండు వారాలే వస్తుంది, మొదట్లో పోగులు చూడటానికి తెంపినదీ, తెగి పోయినదీ కలిపి లెక్క కొంచెం తగ్గింది. రేపు మైనం రకం రెండు డబ్బాలు, బ్రిడ్జి దారం ఒక ప్యాకెట్ తేవాలి.